బందిపోటు కథ చెప్పేటప్పుడు ఎవరి పక్కన నిలబడాలి?

రాత్రికథలు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

నేను రాత్రిపూట వినే ఆడియో కథలు చదువుతాను. వినేవాళ్లు వేలల్లో ఏమీ లేరు గానీ ఉన్నవాళ్లు ఒక్క తప్పు దొర్లినా వదలరు. ఈ ఏడాది బందిపోట్ల మీద ఒక వరుస మొదలుపెట్టాను. బతికుండగా తలకు వెల కట్టించుకుని, చచ్చాక పాటల్లోకి ఎక్కినవాళ్ల కథలు. ఆరు ఎపిసోడ్లు సాఫీగా నడిచాయి. ఏడోది ఆస్ట్రేలియాకు చెందిన నెడ్ కెల్లీ. అక్కడ నా బండి దిగబడిపోయింది.

కథ చెప్పేవాళ్లకు కెల్లీ అంటే పండగే. 1879 ఫిబ్రవరిలో ముఠాతో జెరిల్డరీ అనే ఊరికి వెళ్లాడు. అక్కడి పోలీసులను వాళ్ల లాకప్‌లోనే పెట్టి తాళం వేసి, వాళ్ల యూనిఫారాలే తొడుక్కుని ఊళ్లో తిరిగాడు. బ్యాంకులో రెండు వేల పౌండ్ల దాకా ఊడ్చుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ బ్యాంకులో ఉన్న అప్పుల కాగితాలు తగలబెట్టారు. పైగా ఎనిమిది వేల మాటల ఉత్తరం ఒకటి వెంట తెచ్చాడు, అచ్చు వేయించుకుందామని! తనకూ తన ఇంటివాళ్లకూ జరిగిన అన్యాయం అంతా చెప్పి ముఠాలోని జో బర్న్ చేత రాయించాడు. అందులో పోలీసులను తిట్టిన తిట్లు చదువుతుంటే నాకు నవ్వాగలేదు. వాంబాట్ అనే జంతువు తలకాయట, మాగ్‌పై పిట్ట కాళ్లట, బానపొట్టట. ఆ పేరా ఒక్కటే రెండు సార్లు రికార్డు చేశాను, మొదటిసారి మధ్యలో నవ్వేశాను కాబట్టి.

అయితే దీనికి నాలుగు నెలల ముందు, 1878 అక్టోబరు 26న స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర జరిగింది కూడా చెప్పాలి కదా. కెల్లీని వెతుకుతూ నలుగురు పోలీసులు మామూలు బట్టల్లో అడవిలో గుడారం వేసుకున్నారు. ముగ్గురు చనిపోయారు: లోనిగన్, స్కాన్లన్, సార్జెంట్ కెనడీ. కెనడీ చెట్ల మధ్య పరిగెత్తుతూ కాల్పులు జరిపాడు, గాయపడి పడిపోయాడు. తర్వాత కెల్లీ దగ్గరికి వెళ్లి ఛాతీ మీద కాల్చాడు. బాధ నుంచి విముక్తి కలిగించానని తర్వాత చెప్పుకున్నాడు. కెనడీ చేతి గడియారం తీసుకున్నాడు.

(సవరణ: చేతి గడియారం కాదు, జేబు గడియారం. 1878లో చేతికి ఎవరు కట్టుకున్నారు. చూశారా, ఇందుకే మావాళ్లు నన్ను వదలరు.)

"గడియారం తీసుకున్నాడు" అనే ఆ చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. నాలుగు రకాలుగా చదివి చూశాను. గొంతు మామూలుగా పెడితే హత్యను దాటేసినట్టు ఉంది. బరువుగా పెడితే, ఇప్పటిదాకా వీరుడిగా చూపించి ఇక్కడ ప్లేటు ఫిరాయించినట్టు ఉంది. ముగ్గురు పోలీసులూ కెల్లీ తండ్రిలాగా ఐర్లండు నుంచి వచ్చినవాళ్లే. పేదవాళ్లే. మరి "పేదల పక్షాన నిలిచిన" అనే మాట నేను ఏ మొహం పెట్టుకుని చదవాలి?

అడగదలచుకున్నది ఇదీ: ఇలాంటి మనిషిని జనం ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు? ఆ కథ చెప్పేవాళ్లం ఎక్కడ నిలబడి చెప్పాలి?


పాతపేజీలు:

మీ ఇబ్బందికి మందు నా దగ్గర లేదు. ముందు మిగతా ఆరుగురి సంగతి చూడండి. వాళ్ల కథలు సాఫీగా నడిచాయన్నారు. ఎవరో ముందే నున్నగా చెక్కి పెట్టారు కాబట్టే నడిచి ఉంటాయి.

డిక్ టర్పిన్ చెప్పారా? నల్ల గుర్రం మీద లండన్ నుంచి యార్క్ దాకా ఒక్క రాత్రిలో దూసుకుపోయిన వీరుడు. ఆ స్వారీ అతను చేయనే లేదు. 1676లో నెవిసన్ అనే మరో దొంగ చేశాడని చెప్పుకునేవారు. 1834లో వచ్చిన ఒక నవల దాన్ని తెచ్చి టర్పిన్‌కు అంటగట్టింది. అప్పటికి టర్పిన్ ఉరి తీయబడి 95 ఏళ్లు. అసలు టర్పిన్ ఒక కసాయి. ముఠాతో ఇళ్లలో పడి, డబ్బు ఎక్కడ దాచావో చెప్పమని ఒక ముసలావిడను నిప్పుల మీద పెడతామన్న రకం.

ఎలా దొరికాడో మాత్రం మీ శ్రోతలకు తప్పక చెప్పండి. జాన్ పామర్ అనే దొంగపేరుతో యార్క్ కోట జైల్లో ఉన్నాడు. చిల్లర కేసు మీద పట్టుకున్నారు, అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి తన బంధువుకు ఒక ఉత్తరం రాశాడు. అప్పట్లో తపాలా ఖర్చు అందుకునేవాడు కట్టాలి. ఆయన "యార్క్‌లో నాకెవరూ లేరు" అని డబ్బు కట్టలేదు. ఉత్తరం పోస్టాఫీసుకు తిరిగొచ్చింది. అక్కడ జేమ్స్ స్మిత్ అనే బడిపంతులు కవరు మీద చేతిరాత చూశాడు. చిన్నప్పుడు టర్పిన్‌కు అక్షరాలు దిద్దించింది ఆయనే. గుర్తుపట్టాడు, యార్క్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు, రెండు వందల పౌండ్ల బహుమతి తీసుకున్నాడు. 1739 ఏప్రిల్ 7న ఉరి. అంతకుముందు టర్పిన్ కొత్త కోటు, కొత్త బూట్లు కొనుక్కున్నాడు. తన వెనక ఏడుస్తూ నడవడానికి ఐదుగురిని కూలికి పెట్టుకున్నాడు.

అంటే పేరు ఎలా నిలబెట్టుకోవాలో ఆ మనిషికే తెలుసు. నవల వచ్చింది తర్వాత.

రాబిన్ హుడ్ కూడా అంతే. అతని పాటల ప్రస్తావన మొదట కనిపించేది 1377 ప్రాంతపు ఒక ఇంగ్లీషు కావ్యంలో. అక్కడ ఒక సోమరి పూజారి, "ప్రభువు ప్రార్థన నాకు సరిగ్గా రాదు గానీ రాబిన్ హుడ్ పాటలు వచ్చు" అంటాడు. పాత పాటల్లో రాబిన్ దొరబిడ్డ కాడు. దొర పదవి 1598 నాటి నాటకాల్లో వచ్చింది. పెద్ద పాట చివర్లో పేదలకు మేలు చేశాడని ఒక ముక్క ఉంటుంది, నిజమే. కథలో సాయం అందేది మాత్రం అప్పుల్లో మునిగిన, నైటు హోదా ఉన్న ఒక పెద్దమనిషికి. అదీ నాలుగు వందల పౌండ్లు, అప్పుగా!


చల్లగాలి:

ఇంత టెన్షన్ ఎందుకండీ. సినిమా హీరో వంద మందిని కొడితే ఎవరైనా లెక్కపెడతారా? కథ కథలాగా చెప్పేయండి, వినేవాళ్లకు అంతా తెలుసు.


రాత్రికథలు:

@చల్లగాలి, సినిమాలో కింద పడ్డవాళ్లు లేచి కాఫీ తాగడానికి వెళ్తారండీ. కెనడీ శవం దొరకడానికే కొన్ని రోజులు పట్టింది.

@పాతపేజీలు గారూ, ముసలావిడ సంగతి నేను టర్పిన్ ఎపిసోడ్‌లో చెప్పలేదు. సిగ్గుగా ఉంది. ఉత్తరం సంగతి కూడా చెప్పలేదు, దానికి ఇంకా బాధగా ఉంది.


తంగేడుపూలు:

థ్రెడ్ చదువుతున్నాను. మీ వరుసలో మన సర్వాయి పాపన్న ఉన్నాడా? ఉంటే ఒక మాట. ఆయన్ని దయచేసి ఈ టర్పిన్‌ల పక్కన కూర్చోబెట్టకండి. ఆయన కోటలు కట్టాడు, సైన్యం నడిపాడు, ఓరుగల్లును కొట్టాడు. ఆయన చేస్తే దోపిడీ, ఢిల్లీ నుంచి వచ్చి వసూలు చేసుకుంటే శిస్తు, అంతేనా?


పాతపేజీలు:

@తంగేడుపూలు, మీ కోపంలో న్యాయం ఉంది. కాకపోతే రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం, నాకు ఇష్టమైన పని అదే.

మొదటిది మొగలాయిల కాలంలో పారశీకంలో చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్. ఆయనకు పాపడు అంటే ఒళ్లు మంట. ఆయన చెప్పే కథ: కల్లుగీత కులంలో పుట్టినవాడు, విధవరాలైన సొంత అక్క సొత్తునే దోచాడు, ఆ డబ్బుతో మనుషుల్ని కూడగట్టి తరికొండలో గట్టు మీద కోట కట్టి దారులు కొట్టడం మొదలుపెట్టాడు. కౌలాసు జమీందారు దగ్గర కొన్నాళ్లు కొలువు చేశాడు. మళ్లీ దారులు కొడితే ఆ జమీందారే ఖైదులో వేశాడు. కొడుకు జబ్బుపడ్డాడో, భర్తో గుర్తులేదు గానీ ఆ ఇంట్లో ఒకరి జబ్బు నయమవ్వాలని జమీందారు భార్య ఖైదీలందరినీ విడిపించిందట, ఆ గుంపులో ఇతనూ బయటపడ్డాడు. 1708 ఏప్రిల్‌లో ఓరుగల్లు, జూన్‌లో భువనగిరి. రెండు చోట్లా వేల మందిని బందీలుగా పట్టుకుపోయాడని, అందులో పెద్దింటి ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారని ఖాఫీ ఖాన్ రాస్తాడు.

రెండోది తెలుగు పాట. 1870ల్లో సేకరించి అచ్చువేశారు, అంటే మనిషి పోయాక నూట అరవై ఏళ్లకు కూడా నోళ్లలో ఆడుతూనే ఉంది. అందులో అక్క సొత్తు మాట లేదు. కులపు పని చేసుకోమన్న తల్లికి కొడుకు చెప్పే జవాబు ఉంది: ఆ పనిలో ఏముందమ్మా, నేను గోల్కొండను కొడతాను, అని. ఇంకా ఏముందంటే, వెంట నడిచినవాళ్ల పేర్లు. హసన్, హుసేన్, దూదేకుల పీరు, చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న. ఖాఫీ ఖాన్ పుస్తకంలో వీళ్లు "దుండగుల గుంపు". పాటలో ఒక్కొక్కడికీ పేరుంది.

ఈ రెండూ అబద్ధాలు కావు. ఓరుగల్లు సంపన్నుడి ఇంట్లోంచి చూస్తే కనిపించేది ఒకటి, మేదరి ఎంకన్న గుడిసెలోంచి చూస్తే ఇంకొకటి. పాట ఎంకన్న పాడాడు.

1709లో బహదూర్ షా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్న పద్నాలుగు లక్షలు సమర్పించి దర్బారులో సన్మానం కూడా పొందాడు. ఊళ్లోని పెద్దలు గగ్గోలు పెడితే బాదుషా మనసు మార్చుకుని సైన్యాన్ని పంపాడు. 1710లో పట్టుకుని చంపి తల ఢిల్లీకి పంపారు. పాటలో మాత్రం ఎవరి చేతికీ చిక్కడు, తన తల తానే నరుక్కుంటాడు. ఇప్పుడు ఆయన జయంతిని తెలంగాణ ప్రభుత్వమే అధికారికంగా జరుపుతోంది.


తంగేడుపూలు:

పేర్ల సంగతి నాకు తెలియదు. దూదేకుల పీరు అని చదవగానే ఏదో అయింది. సరే, కోపం తగ్గింది. జబ్బు ఎవరికో తేల్చండి ముందు.


పాతపేజీలు:

భర్తకే. జమీందారు వెంకటరావుకు. ఇప్పుడే లేచి వెళ్లి పుస్తకం తీసి చూశాను.


వాదప్రతివాది:

నేను కోర్టుల చుట్టూ తిరిగే మనిషిని కాబట్టి ఒక మాట గురించి చెప్తాను. ఇంగ్లీషులో "అవుట్‌లా" అన్నదానికి మనం బందిపోటు అంటున్నాం గానీ రెండూ ఒకటి కావు. బందిపోటు అనేది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. అవుట్‌లా అనేది కోర్టు వేసే ముద్ర. పాత ఇంగ్లీషు న్యాయంలో పిలిచినా కోర్టుకు రానివాడిని చట్టం బయటికి తోసేసేవారు. ఆ మనిషికి తోడేలు తల ఉందనేవారు. తోడేలును ఎవరు చంపినా తప్పు కాదు కదా, అదీ లెక్క.

కెల్లీ విషయంలో దీన్ని దుమ్ము దులిపి మళ్లీ తీశారు. స్ట్రింగీబార్క్ తర్వాత కొద్ది రోజుల్లోనే ఆస్ట్రేలియాలోని విక్టోరియా చట్టసభ ఒక చట్టం చేసింది. లొంగిపోకపోతే ఎవరైనా సరే హెచ్చరిక లేకుండా కాల్చేయవచ్చు. ఆశ్రయం ఇచ్చినవాళ్లకు జైలు. 1879 మొదట్లో కెల్లీకి సాయం చేస్తున్నారన్న అనుమానం మీద ఇరవై మందికి పైగా రైతుల్ని, చుట్టపక్కాల్ని పట్టుకెళ్లి, సాక్ష్యం ఏమీ లేకుండానే వాయిదా మీద వాయిదా అడుగుతూ నెలల తరబడి లోపలే ఉంచారు. పంటల రోజుల్లో! అప్పటికే కెల్లీ తల్లికి చంటిబిడ్డతో సహా మూడేళ్ల జైలు వేశారు.

మీరు ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు అని అడిగారు కదా. వాయిదా మీద వాయిదా పడి ఇంటికొచ్చిన రైతు ఎవరి పాట పాడతాడు? కెనడీ పాట పాడడు. కెనడీ మంచివాడే అయినా పాడడు. కెల్లీ దొరికాక వేసిన ఉరిశిక్ష రద్దు చేయమని మెల్‌బోర్న్‌లో ముప్ఫై వేలకు పైగా సంతకాలు చేశారు. వాళ్లందరూ కెల్లీ అమాయకుడని నమ్మి చేశారని నేను అనుకోను.


కాకినీడ:

బ్రెజిల్ లంపియాన్‌ను మరిచిపోయారు. అసలు పేరు విర్గులీనో ఫెరైరా. 1926లో ప్రభుత్వం తిరుగుబాటుదారుల మీదికి పంపడానికి ఈ దొంగకే కెప్టెన్ అని ఒక కాగితం రాసిచ్చి, కొత్త తుపాకులు ఇచ్చింది. దొంగ చేతికి తాళాలంటే ఇదే. అతను ఎంచక్కా తుపాకులు తీసుకుని, యుద్ధం సంగతి వదిలేసి, పన్నెండేళ్లు కెప్టెన్ లంపియాన్‌గా దోచుకున్నాడు. 1938 జూలై 28న తెల్లవారుజామున మకాం మీద పడి అతన్నీ అతని సహచరి మరియా బొనీతానూ ఇంకో తొమ్మిది మందినీ చంపారు. పదకొండు తలలూ మెట్ల మీద పేర్చి ఫోటో తీశారు. ఆ తలలు 1969 దాకా పూడ్చనివ్వలేదు. అంతకాలం ప్రభుత్వమే అతన్ని బతికించి ఉంచింది అంటాను నేను.

మకాం ఎక్కడుందో పోలీసులకు చెప్పింది అతనికి సరుకులు అందించే మనిషే.


పాతపేజీలు:

@కాకినీడ ఆఖరి ముక్క చూడండి. నేను చాలాకాలంగా ఒక చిట్టా రాసుకుంటున్నాను, ఎవరిని ఎవరు పట్టించారు అని.

రాబిన్ హుడ్: మఠంలో ఉన్న బంధువురాలు, వైద్యం పేరుతో రక్తం తీసి చంపింది. అమెరికాలో జెస్సీ జేమ్స్: ముఠాలో కొత్తగా చేరిన బాబ్ ఫోర్డ్. 1882 ఏప్రిల్ 3న జెస్సీ తుపాకులు తీసి పక్కన పెట్టి, కుర్చీ ఎక్కి గోడ మీది పటం సర్దుతుంటే వెనక నుంచి కాల్చాడు. సిసిలీలో జులియానో: 1950లో, సొంత మనిషి పిషోత్తా. పాపన్న: సొంత బావమరిదే. పాపన్న ఖైదులో ఉన్న తన అన్నకు పాపన్న భార్య తినే పదార్థాల్లో ఆకురాళ్లు దాచి పంపింది. వాటితో సంకెళ్లు కోసుకుని వాళ్లు కోటను లోపలి నుంచి పట్టుకున్నారు.

ఇది కథకుల అల్లిక అని మొదట అనుకునేవాణ్ని. తర్వాత తట్టింది. జనం దాచిపెట్టే మనిషిని బయటివాడు పట్టుకోలేడు, ప్రభుత్వం డబ్బు పెట్టాల్సింది లోపలివాడి మీదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను పట్టించడానికి ఇంట్లోవాడే కావాలి. అప్పుడు పాట కూడా తన కోపాన్నంతా వాడి మీదికే తిప్పుతుంది. జెస్సీ పాటలో తిట్లు తినేది గవర్నరూ కాదు, రైలు కంపెనీ కూడా కాదు. ఆ పిరికి ఫోర్డే. జెస్సీ బానిసలున్న ఇంట్లో పుట్టి, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గెరిల్లాగా మొదలైనవాడు. పేదలకు పంచాడనడానికి ఆధారం లేదు. అదంతా ఫోర్డ్ పేల్చిన ఒక్క తూటాతో కడిగేసుకుపోయింది.


రాత్రికథలు:

ఈ చిట్టా చూశాక నాకు కెల్లీని పట్టించిందెవరని అనుమానం వచ్చి మళ్లీ నా నోట్సు తీశాను. నా స్క్రిప్టులో ఒకే ఒక్క వాక్యంలో ఉన్నాడు. టర్పిన్‌కు లాగే ఇక్కడా ఒక బడిపంతులు. థామస్ కర్నో.

1880 జూన్ చివర్లో కెల్లీ గ్లెన్‌రోవన్ అనే ఊరి దగ్గర రైలు పట్టాలు పీకించాడు. మెల్‌బోర్న్ నుంచి పోలీసుల స్పెషల్ రైలు వస్తుంది, పట్టాలు లేని చోట కింద పడాలి, అదీ పథకం. నేను ఇప్పటిదాకా ఇనప కవచం మీద ఉన్న మోజులో ఈ సంగతిని సరిగ్గా చూడనే లేదు. నాగలి రెక్కలు సాగగొట్టి చేసిన కవచం, నలభై కిలోల పైన బరువు, తెల్లవారుజాము మంచులోంచి నడిచివస్తుంటే తూటాలు టంగుమని వెనక్కి పోవడం... ఎవరికైనా అదే కదా కావాలి. కాళ్లకు కవచం లేదు. కాళ్ల మీదే కాల్చారు.

ఊరివాళ్లు అరవై మంది దాకా సత్రంలో బందీలు. కర్నో తన భార్య, పసిబిడ్డ, చెల్లెలితో సహా వాళ్లలో ఉన్నాడు. రోజంతా కెల్లీతో మంచిగా మాట్లాడి, నీవాణ్నే అనిపించి, రాత్రి ఇంటికి పోనిమ్మని అడిగి బయటపడ్డాడు. ఇంటికి వెళ్లి పడుకోలేదు. ఒక కొవ్వొత్తి, ఎర్రటి మెడగుడ్డ తీసుకుని పట్టాల వెంట చీకట్లో వెళ్లాడు. రైలు ముందు పైలట్ ఇంజను ఒకటి వస్తోంది. ఆ గుడ్డ వెనక కొవ్వొత్తి పట్టుకుని దాన్ని ఆపాడు.

ఆపకపోతే రైలుతో పాటు డ్రైవర్లు, విలేకరులు, అందరూ పోయేవాళ్లు. బహుమతి వచ్చింది, కానీ ఆ చుట్టుపక్కల బతకలేక వేరే చోటికి వెళ్లిపోయాడు. నా వరుసలో ఇతను ద్రోహి పాత్రలో ఉండాలి. నాకైతే నోరు రావడం లేదు.

సత్రంలోకి పోలీసులు గుడ్డిగా కాల్చిన తూటాలకు సత్రం నడిపే ఆవిడ కొడుకు, పదమూడేళ్ల జాక్ జోన్స్ చనిపోయాడు. అది కూడా చెప్తాను. రెండు వైపులా చెప్తాను.


మూడోబెంచి:

ఇప్పటిదాకా మౌనంగా చదివాను. ఒక్కటి చెప్పి వెళ్తాను. అమెరికాలో నార్త్‌ఫీల్డ్ అనే ఊరు ఉంది. 1876 సెప్టెంబరు 7న జేమ్స్ ముఠా అక్కడి బ్యాంకు మీద పడింది. జోసెఫ్ హేవుడ్ అనే ఉద్యోగి సేఫు తెరవనన్నాడు, టైమ్ లాక్ ఉందన్నాడు. కొట్టారు, మెడ మీద కత్తి పెట్టారు, చివరికి కాల్చేశారు. సేఫుకు అసలు తాళమే వేసి లేదట, గుంజి చూస్తే వచ్చేది! బయట వీధిలో తూటా తగిలి, స్వీడన్ నుంచి వచ్చిన గుస్తావ్‌సన్ అనే మనిషి కూడా తర్వాత చనిపోయాడు.

ఆ ఊరు ఇప్పటికీ ప్రతి సెప్టెంబరులో ఉత్సవం చేస్తుంది. పేరు "జెస్సీ జేమ్స్ ఓటమి రోజులు". వీధిలో గుర్రాలతో ఆ దాడి ఆడి చూపిస్తారు, హేవుడ్‌ను తలుచుకుంటారు. అంటే బందిపోటు కథను అవతలి వైపు నుంచి చెప్పినా జనం వస్తారండీ. గుర్రాలుండాలి, అంతే.

ఇంకోటి, ఫూలన్ దేవి బతికుండగానే తన మీద వచ్చిన సినిమాను ఆపమని కోర్టుకు వెళ్లింది. పాటల్లోకి ఎక్కినవాళ్లు మామూలుగా చచ్చిపోయి ఉంటారు, అభ్యంతరం చెప్పరు. ఆవిడ చెప్పింది. ఆమె ఎపిసోడ్ చేసేటప్పుడు జాగ్రత్త. బెహ్‌మాయి ఊళ్లో ఆమె ముఠా చేతిలో చనిపోయిన ఇరవై మంది ఇళ్లు కూడా అక్కడే ఉన్నాయి.


చల్లగాలి:

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సేఫుకు తాళమే లేదన్న దగ్గర మనసు ఎలాగో అయిపోయింది.


రాత్రికథలు:

నిన్న రాత్రి స్క్రిప్టు మొత్తం తిరగరాశాను. ఇప్పుడు కెల్లీ ఎపిసోడ్ కెల్లీతో మొదలవదు. చీకట్లో పట్టాల పక్కన ఒక మనిషి, చేతిలో ఎర్ర గుడ్డ. దూరంగా ఇంజను చప్పుడు. అతను ఎవరు, రైలు ఎందుకు ఆపుతున్నాడు, అవతల సత్రంలో ఏం జరుగుతోంది, అంటూ వెనక్కి వెళ్తాను. జెరిల్డరీ తిట్లు ఉంటాయి, అవి లేకుండా నేను చేయను. వాయిదాల రైతులు ఉంటారు. కెనడీ గడియారం వాక్యం గొంతు మార్చకుండా మామూలుగా చదివి, తర్వాత మూడు సెకన్లు ఏమీ మాట్లాడను. "పేదల పక్షాన నిలిచిన" అన్న మాట కొట్టేశాను. దాని బదులు, ఆ ముప్ఫై వేల సంతకాలు ఉన్నాయి.

టర్పిన్ ఎపిసోడ్ కూడా మళ్లీ చేస్తాను, ముసలావిడతో, ఉత్తరంతో.

పాపన్నకు రెండు ఎపిసోడ్లు. ఒకటి ఖాఫీ ఖాన్, ఒకటి పాట. తంగేడుపూలు గారూ, రెండోది మీరు ముందుగా విని చెప్తే బాగుంటుంది, పేర్లు పలకడంలో తప్పులుంటే ముఖ్యంగా.

ఒక చిన్న టెక్నికల్ సాయం కావాలి. కొవ్వొత్తి వెలిగించే శబ్దం కోసం మైకు దగ్గర అగ్గిపుల్ల గీశాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే సత్రం మొత్తం తగలబడినట్టు వచ్చింది. మైకు ఎంత దూరం పెట్టాలి?


వాదప్రతివాది:

రెండడుగులు పెట్టి చూడండి. గీసేటప్పుడు మైకు వైపు కాకుండా పక్కకి. ఒకవేళ అప్పటికీ సత్రం తగలబడినట్టే వస్తే ఆ ముక్క పారేయకండి. గ్లెన్‌రోవన్‌లో చివరికి పోలీసులు దాన్ని తగలబెట్టారు కదా, అక్కడ పనికొస్తుంది.